మేం జీను కుట్టినోళ్ళం

మా ఇంట్లో గుర్రం ఎక్కినోడు ఎవడూ లేడు. మేం గుర్రానికి జీను కుట్టినోళ్ళం. కళ్ళెం కుట్టినోళ్ళం, కత్తికి ఒర కుట్టినోళ్ళం, సవారు తొడిగే బూటు కుట్టినోళ్ళం. హైదరాబాద్ పాతబస్తీలో అలియాబాద్ దర్వాజా అవతల మా మాదిగ బస్తీ. ఇంటి వెనక లంద. తంగేడు చెక్క, సున్నం, పచ్చితోలు కలిసి నానే వాసనలో పుట్టి పెరిగాను. బళ్ళో నా పక్కన కూర్చోవాలంటే పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. జనవరి 26న పరేడ్‌కు తీసుకపోతే బూట్ల చప్పుడుకు చప్పట్లు కొట్టింది కూడా ఆ పిల్లలే. బూటు గొప్పది, ఆ బూటుకు తోలు ఊనినోడు అంటరానోడు. ఈ లెక్క నాకు ఏడెనిమిదేళ్ళకే తెలిసిపోయింది.

యుద్ధానికి పోనన్న సిపాయిల గురించి రాయమని మిత్రులు అడిగితే ముందు నాకు ఆ జీనులే గుర్తొచ్చాయి. సిపాయి పోనంటే చరిత్ర అవుతుంది. తిరుగుబాటు అని పేరు పెడతారు, నూరేళ్ళకో నూటయాభై ఏళ్ళకో సభలు చేస్తారు. జీను కుట్టినోడు కుట్టనంటే ఏమవుతుంది? ఇంకో మాదిగోణ్ణి పిలుస్తారు. ఈ తేడా మనసులో పెట్టుకునే మిగతా సంగతి చెబుతాను.

మన పట్నంలో ఈ సంగతి 1857 దగ్గర మొదలవుతుంది. అంతకు నాలుగేళ్ళ ముందు, 1853లో, నిజాం బాకీల కింద బేరార్ ప్రాంతాన్ని ఇంగ్లీషోళ్ళ చేతిలో పెట్టాడు. ఆ రాబడితో నడిచే ఫౌజుకు హైదరాబాద్ కంటింజెంట్ అని పేరు. పేరు నిజాంది, పైసలు ఇక్కడి రైతువి, హుకుం మాత్రం ఇంగ్లీషు దొరది. 1857 జూన్‌లో ఔరంగాబాద్ ఛావనీలో ఉన్న ఒకటో అశ్వికదళానికి తమను ఢిల్లీ మీదికి నడిపిస్తారని తెలిసింది. ఢిల్లీలో అప్పటికే తిరగబడ్డ సిపాయిలు ముసలి పాదుషా బహదూర్ షాను ముందు పెట్టుకుని ఉన్నారు. పాదుషా మీద కత్తి ఎత్తేది లేదని సవార్లు మొండికేశారు. దక్కన్ దాటి పోమన్నారు. పుణె వైపు నుంచి జనరల్ వుడ్‌బర్న్ ఫిరంగులతో వచ్చాడు. వరసలో నిలబెట్టి పేర్లు పిలిచాడు. కొందరు గుర్రాలు తోలుకుని పారిపోయారు. దొరికినవాళ్ళలో కొందరిని కాల్చారు, కొందరిని ఉరితీశారు.

తప్పించుకున్నవాళ్ళలో జమేదార్ చీదా ఖాన్ ఒకడు. కొద్దిమంది సిపాయిలను వెంటబెట్టుకుని హైదరాబాద్ వచ్చాడు. నిజాం నీడలో బతుకుతామనుకున్నాడు కావచ్చు. దివాన్ సాలార్‌జంగ్ అతన్ని పట్టుకుని రెసిడెన్సీకి అప్పగించాడు. నిజాం అఫ్జలుద్దౌలా గద్దెనెక్కి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. అప్పగింత సంగతి గల్లీగల్లీకి పాకింది. జూలై 17 శుక్రవారం, మక్కా మసీదులో నమాజు అయ్యాక జనం కదిలారు. ముందు బేగంబజార్ తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్. వెనక రోహిలాలు, పట్నం జనం. చీదా ఖాన్‌ను విడిపించాలన్నది వాళ్ళ మాట. నయాపూల్ అప్పటికి కట్టలేదు. మూసీ దాటి పుత్లీబౌలి వైపు పోయి, రెసిడెన్సీ గేటు ఎదురుగా ఉన్న సావుకార్ల ఇళ్ళు రెండు పట్టుకుని తుపాకులు పేల్చారు. లోపల్నుంచి ఫిరంగులు జవాబు చెప్పాయి. తెల్లారేసరికి అంతా అయిపోయింది. తుర్రెబాజ్ ఖాన్ దొరికాడు. జైలు తప్పించుకుని, 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర తూటాకు పడిపోయాడు. శవాన్ని పట్నం తెచ్చి జనం చూసేట్టు వేలాడదీశారు. మౌల్వీని అండమాన్ పంపారు, అక్కడే పోయాడు.

ఆ రెసిడెన్సీయే మనకు తెలిసిన కోఠీ ఉమెన్స్ కాలేజీ. 2022లో మహిళా విశ్వవిద్యాలయం చేశారు, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. దొర కొలువు తీరిన మెట్ల మీద చాకలామె పేరు చదువుతుంటే నాకు నవ్వూ వస్తుంది, సంతోషమూ అవుతుంది. బయట బస్టాండు దగ్గర తుర్రెబాజ్ ఖాన్ స్తంభం ఉంది. చీదా ఖాన్‌కు ఏమీ లేదు. నడవమంటే నడవనన్నవాణ్ణి మరిచిపోయి, అతన్ని విడిపించడానికి పోయినవాణ్ణి గుర్తుపెట్టుకున్నాం. తుర్రెబాజ్ ఖాన్‌ను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. మన చరిత్రకు తుపాకీ పేల్చినోడు కనిపించినంత తొందరగా, తుపాకీ కింద పెట్టినోడు కనిపించడని చెబుతున్నా.

చీదా ఖాన్ ఎందుకు పోనన్నాడు? పాదుషా కోసం. మా కోసం కాదు. ఆ సవార్లకు గుర్రాలుండేవి, ఇంటిపేర్లుండేవి, తాతల కత్తులుండేవి. కత్తి ఎవరి మీద ఎత్తాలో ఎత్తొద్దో ఆలోచించుకునే పాటి ఇజ్జత్ వాళ్ళకుండేది. ఆ గుర్రాల వెనక సయీసులుంటారు. గడ్డి కోసేటోళ్ళుంటారు. తోలుసంచిలో నీళ్ళు మోసే భిస్తీలు, డోలీలు మోసేటోళ్ళు, తెగిన పట్టీ కుట్టేటోళ్ళు ఉంటారు. ఆ కాలంలో ఏ ఫౌజు కదిలినా సిపాయిల కంటే వెంట నడిచేవాళ్ళే ఎక్కువ. దండు ఢిల్లీకి పోతే వాళ్ళూ ఢిల్లీకే. దండు ఆగితే వాళ్ళూ ఆగాలి. ఔరంగాబాద్ వరసలో పేర్లు పిలిచింది సవార్లను. సయీసు పేరు ఆ పట్టీలో ఉండదు. పోనంటావా, పోతావా అని అడగను కూడా అడగరు.

ఇంకో సంగతి ఉంది. చెప్పకుండా దాటేస్తే నాకు నిద్రపట్టదు. ఆ రాత్రి రెసిడెన్సీని కాపాడింది ఎవరు? మద్రాసు సైన్యం. ఆ సైన్యంలో తెలుగువాళ్ళూ తమిళులూ ముస్లింలూ ఉండేవాళ్ళు, ఊరి బయటి కులాలవాళ్ళూ ఉండేవాళ్ళు. గేటు లోపల ఫిరంగుల పక్కన మావాళ్ళెవరైనా నిలబడ్డారా? నిలబడే ఉంటారనుకుంటాను. ఒక కాలేజీలో 1857 మీద సభ జరిగినప్పుడు ఒక పిల్లాడు లేచి, "సార్, మరి దళిత సిపాయిలు దేశద్రోహులేనా?" అని అడిగాడు. పిల్లాడిది మా కులమే. ఎవరో వాడితో అనిపించిన మాట అది. ముందువరసలో ఇద్దరు ముగ్గురు ముసిముసిగా నవ్వారు.

ఆ ప్రశ్నకు అంబేద్కర్ ఎప్పుడో జవాబు రాసిపెట్టాడు. 1857లో తిరగబడ్డ బెంగాల్ సైన్యం పైకులాల సైన్యమనీ, అంటరానివాళ్ళున్న బొంబాయి, మద్రాసు సైన్యాలు కంపెనీ పక్క నిలిచాయనీ దాచకుండా చెప్పాడు. సిగ్గుపడుతూ చెప్పలేదు. ఏ దేశం? చెరువులో చెంబు ముంచనీయని దేశం. బాటన పోతుంటే మూతికి ముంత కట్టించిన దేశం. ఆ దేశంలో మావాడికి మొట్టమొదట చొక్కా ఇచ్చింది, జీతం ఇచ్చింది, బడి ఇచ్చింది ఛావనీ. అంబేద్కర్ మహూ ఛావనీలో పుట్టాడు, 1891లో. తండ్రి రాంజీ సుబేదార్. ఛావనీ బడి లేకుంటే రాంజీకి చదువెక్కడిది, రాంజీకి చదువు లేకుంటే మనకు అంబేద్కర్ ఎక్కడివాడు? తర్వాత కొద్ది రోజులకే, వీళ్ళు యుద్ధానికి పనికొచ్చే జాతి కాదని చెప్పి అదే ఇంగ్లీషోడు మహార్లకు సైన్యం తలుపులు మూశాడు. ఆ తలుపు తెరవమని అర్జీలు రాసీ రాసీ, మహార్ రెజిమెంట్ నిలదొక్కుకునేటప్పటికి 1941 వచ్చింది. యుద్ధానికి పోను అనే హక్కు కంటే ముందు, యుద్ధానికి రానియ్యండి అనే అర్జీ మాది. ముందువరసలో నవ్వినవాళ్ళకు ఈ అర్జీ సంగతి చెప్పాను. పిల్లాడు కూర్చుని రాసుకున్నాడు.

అట్లాగని తిండికోసం పోయినోడు ఎప్పటికీ కాదనడు అనుకుంటే తప్పు. 1780 అక్టోబరులో విశాఖపట్నం రేవులో కంపెనీ సిపాయిలు ఓడ ఎక్కనన్నారు. మద్రాసుకు పోయి హైదరాలీతో కొట్లాడాలన్నది హుకుం. రేవులోనే తిరగబడ్డారు. ఇంగ్లీషోళ్ళు కొందరు చచ్చారు. మన దేశంలో ఇట్లాంటి తిరుగుబాట్లలో మొదట చెప్పుకునేవాటిల్లో అదొకటి. నెల జీతానికి పోయినవాళ్ళే వాళ్ళంతా. సముద్రం అడ్డం వచ్చేసరికి, ఇల్లు గుర్తొచ్చేసరికి, ఈ కొట్లాట నాది కాదని తెలిసొచ్చింది.

మా తాతకు తెలిసొచ్చింది అట్లాగే. ఆయన సిపాయి కాదు. సిపాయివి కమ్మంటే కానన్నాడు.

అది 1948 ఎండాకాలం. పట్నం అంతా ఖాకీ. ఖాసిం రజ్వీ దారుస్సలాంలో కూర్చుని ఉపన్యాసాలిస్తున్నాడు. రజాకార్లలో చేరండని బస్తీలకు మనుషులొస్తున్నారు. మావాళ్ళను ఎవరూ పిలవలేదనుకోకండి, బాగా పిలిచారు. బి.ఎస్. వెంకటరావు లాయక్ అలీ మంత్రివర్గంలో ఉన్నాడు. శ్యాంసుందర్ నిజాం తరఫున ఐక్యరాజ్యసమితికి పోయిన బృందంలో ఉన్నాడు. వాళ్ళ లెక్క వాళ్ళది. హిందూరాజ్యం వస్తే అంటరానోడికి ఏమొస్తుంది అన్నది చిన్న ప్రశ్న కాదు. అంబేద్కర్ మాత్రం 1947 నవంబరులోనే, హైదరాబాద్ దళితులు నిజాం పక్క, ఇత్తెహాద్ పక్క నిలబడొద్దని ప్రకటన చేశాడు. చదువురాని మా తాత దాకా ఆ ప్రకటన రాలేదు.

వచ్చింది మొహల్లాలో ఒక పెద్దమనిషి. తాతతో జీనులు, పట్టీలు కుట్టించుకునే దుకాణం ఆయనకు తెలిసినవాళ్ళదే. ఆ మాటలు మా తాత ఎన్నిసార్లు చెప్పినా ఒక్క తీరే చెప్పేవాడు.

"వర్దీ పహన్ లే మల్లయ్యా, రాషన్ మిలేగా, తన్‌ఖా మిలేగా."

"జానా కిధర్ సాబ్?"

"జిధర్ హుకుం హువా ఉధర్. నల్గొండ, సూర్యాపేట."

"ఉధర్ మేరీ బహెన్ హై సాబ్."

అంతే. ఇంకేం అనలేదట. మా తాత అక్కను సూర్యాపేట దిక్కు ఊరికి ఇచ్చారు. ఆ ఊళ్ళో మాదిగోళ్ళు దొరకు చెప్పులు ఊరికే కుట్టియ్యాలి, మోట బొక్కెన ఊరికే కుట్టియ్యాలి, చచ్చిన గొడ్డును ఈడ్చి తోలు ఇంటికి తెచ్చియ్యాలి. సంఘం వచ్చినంక ఆ వెట్టి బంద్ అయింది. దొర గడీ విడిచి పట్నం పారిపోయొచ్చాడు. ఇప్పుడు రజాకార్లు పోయేది ఆ దొరలను మళ్ళీ గడీల్లో కూర్చోబెట్టడానికి. మా అవ్వ ఈ సంగతి ఇంకా సూటిగా చెప్పేది: "నీ అక్క మొగడు దొరకు బొక్కెన కుట్టనంటే, నువ్వు పోయి కుట్టుమని తన్నాల్నా? గదెక్కడి నౌకరి?"

తాతకు పని బంద్ అయింది. జీను రాదు, పట్టీ రాదు. ఒక రాత్రి ఎవరో నలుగురొచ్చి కొట్టారు. చలికాలం వస్తే చచ్చేదాకా కుడిపక్క పట్టుకుని దగ్గేవాడు. ఆ రోజుల్లో ఇంట్లో పొయ్యి వెలిగింది తోళ్ళమ్మే ఖసాయి వల్ల. ఆయన ముసల్మాను. ఎప్పటినుంచో మాకు పచ్చితోళ్ళు ఇచ్చే మనిషి. పైసలడగకుండా తోళ్ళు పంపాడు, దెబ్బలు మానేదాకా తాతను తన ఇంటి వెనక అర్రలో పెట్టుకున్నాడు. రజాకారు అంటే ముసల్మాను, ముసల్మాను అంటే రజాకారు అని ఈ మధ్య సినిమాలు తీసి చూపిస్తున్నారు. మా తాతను కొట్టినోళ్ళలో మా బస్తీ పోరగాళ్ళూ ఉన్నారు.

అవును, మా బస్తీ నుంచి ఆరుగురు పోయారు. ఆకలికి పోయారు, కొత్త చొక్కాకు పోయారు, జీవితంలో ఒక్కసారైనా ఎవరినన్నా భయపెట్టొచ్చని పోయారు. మా తాత వాళ్ళను తిట్టగా నేను వినలేదు. సెప్టెంబరు 13న యూనియన్ సైన్యం కదిలింది, 17కు నిజాం లొంగిపోయాడు. ఆ రాత్రి మా ఇంటి వెనక చప్పుడైతే అవ్వ దీపం పట్టుకుని పోయింది. ఆరుగురిలో నలుగురు ఖాకీ చొక్కాలు విప్పి లందలో ముంచుతున్నారు. తంగేడు నీళ్ళలో పడితే ఏ గుడ్డయినా రంగు మారుతుంది. తాత లేచొచ్చి, ఒక్కమాట మాట్లాడకుండా, పైనుంచి రెండు పచ్చితోళ్ళు కప్పాడు.

నాలుగు రోజులకు పోలీసులొచ్చారు. మీ బస్తీలో ఎవరెవరు చేరారో పేర్లు చెప్పమన్నారు. తనను కొట్టినవాళ్ళ పేర్లు చెప్పడానికి తాతకు అంతకంటే మంచి మోకా ఏముంది? "లందల తోళ్ళున్నయ్ సార్, చూస్కోండ్రి" అన్నాడట. వాసనకు వాళ్ళు గడప దాటలేదు. అంటరానితనం మాకు అక్కరకొచ్చింది ఆ ఒక్కసారే అని మా నాయిన నవ్వేవాడు.

ఖసాయి అల్లుడు బీదర్ దిక్కు ఊళ్ళో ఉండేవాడు. పోలీసు చర్య తర్వాత తిరిగి రాలేదు. బీదర్, గుల్బర్గా, ఉస్మానాబాద్, నాందేడ్ జిల్లాల్లో ఆ రోజుల్లో ఏం జరిగిందో సుందర్‌లాల్ కమిటీ రాసింది. తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చచ్చిపోయారని లెక్క కట్టింది. ఆ రిపోర్టు జనం చూడ్డానికి 2013 దాకా పట్టింది. మా తాత బీదర్ బస్సెక్కి పోయి అల్లుణ్ణి వెతుకుదామన్నాడు, ఖసాయి వద్దన్నాడు. వాళ్ళిద్దరూ అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతుండగా నేను చూశాను, 1960లు దాటినంక కూడా. ఆ సంగతి మాత్రం మాట్లాడుకునేవాళ్ళు కాదు.

నేను కాలేజీలో ఉండగా మహమ్మద్ అలీ గురించి చదివాను. బొంబాయిలో దళిత్ పాంథర్లు పుట్టిన రోజుల తర్వాత మనవాళ్ళంతా అమెరికా నల్లవాళ్ళ గురించి వెతికి చదివే కాలం. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేర్చుకునేటప్పుడు పేరు పిలిస్తే అలీ అడుగు ముందుకు వేయలేదు. ఇంట్లో నల్లవాణ్ణి కుక్కను చూసినట్టు చూసే దేశం కోసం, తనకే పాపమూ చేయని ఆసియా పేదవాణ్ణి ఎందుకు చంపాలని అడిగాడు. బెల్టు గుంజుకున్నారు. ఐదేళ్ళ శిక్ష వేశారు. మూడేళ్ళకు పైగా రింగు ఎక్కనీయలేదు. సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసేసరికి 1971 వచ్చింది. నేనిది తాతకు చదివి వినిపించాను. మొత్తం విన్నాడు. "ఆయనకు గుద్దు తెలుసు, అందుకే గుద్దనన్నడు" అన్నాడు. కాసేపాగి, "మరి ఆ మూడేండ్లు ఇల్లెట్ల నడిచింది?" అని అడిగాడు. పనికి బంద్ పెట్టించుకున్న మనిషికే వచ్చే ప్రశ్న అది. అలీ కాలేజీల్లో ఉపన్యాసాలిచ్చి పొట్ట పోసుకున్నాడని చెప్పాను.

ఇదంతా ఇప్పుడు మా ఇంట్లోనే అడ్డం పడింది. మా అన్న మనవడికి ఇరవై ఏళ్ళు. డిగ్రీ మధ్యలో ఆపేశాడు. పొద్దున నాలుగున్నరకు లేచి ఉరుకుతాడు. పదహారు వందల మీటర్లు ఎన్ని నిమిషాల్లో ఉరికాడో గోడ మీద బొగ్గుతో రాసుకుంటాడు. సైన్యంలో చేరాలి. 2022 జూన్‌లో అగ్నిపథ్ అన్నారు. నాలుగేళ్ళ కొలువు, నూటికి ఇరవై ఐదుగురిని ఉంచుకుని మిగతావాళ్ళను ఇంటికి పంపుతారు, పింఛను లేదు. జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్ళు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో ఒక పిల్లాడు చచ్చిపోయాడు, వరంగల్ దిక్కువాడు. యుద్ధానికి పోమని కాదు, పోనియ్యండని. 1857లోనూ జూలై 17, సెప్టెంబరులోనూ 17, జూన్‌లోనూ 17. తారీకులకేం తెలుసు.

ఈ పిల్లాడికి నేను చీదా ఖాన్ కథ ఎట్లా చెప్పాలి? మానవహక్కుల సభల్లో మిత్రులు యుద్ధం వద్దంటారు, నేనూ అంటాను, చేయెత్తి అంటాను. ఇంటికొస్తే ఈ పిల్లాడు చెమటతో బూట్లు విప్పుతుంటాడు. ఆ బూట్లు కొన్నవి, మేం కుట్టినవి కావు. లంద పూడ్చేసి మా నాయిన కాలంలోనే అక్కడ రెండు గదులు వేసుకున్నాం. వీడికి జీను తెలియదు, ఆరె తెలియదు, రంపె తెలియదు. జీతమొచ్చే ఒక్క తలుపు కనిపిస్తోంది, అటు ఉరుకుతున్నాడు. వద్దు అనడానికి నా దగ్గర ఇంకో తలుపు లేదు. పో అనడానికి నోరు రాదు.

అయినా చెప్పాను. ఒక రాత్రి కరెంటు పోతే డాబా మీద కూర్చుని ఔరంగాబాద్ నుంచి మొదలుపెట్టి తాత దాకా మొత్తం చెప్పాను. మధ్యలో ఎక్కడా అడ్డం రాలేదు. అయిపోయినంక అడిగాడు:

"తాతా, ఇప్పుడు ఫౌజుల చేరినంక మన అక్క ఊరి మీదికి పొమ్మంటే, పోనంటే ఏమైతది?"

"కోర్ట్ మార్షల్ చేస్తరు."

"చేరకముందే పోనంటే?"

"ఏం కాదు. ఎవ్వడడగడు. మన దేశంల జబర్దస్తీ లేదు గద."

"అంటే తాతకు గప్పుడే అడిగిండ్రు, కాబట్టి గప్పుడే చెప్పిండు" అన్నాడు. ఫోన్‌లో అలారం నాలుగున్నరకు పెట్టుకుని, లంద ఎక్కడుండేదో చూపించమన్నాడు. వంటింటి గోడ పక్కన చూపించాను. నేల మీద కాలితో రెండుసార్లు తట్టి, పోయి పడుకున్నాడు.